అడగకుండా అడుగు వేయని అప్పలసూరి

మా అప్పలసూరి గారికి ఉన్న జబ్బు ఒక్కటే. పర్మిషన్ అడగకుండా ఏ పనీ చేయలేరు. బీపీ, షుగరు లాంటివి ఇంతవరకూ ఆయన జోలికి రాలేదు. వచ్చుంటే గుమ్మంలోనే ఆపి, "లోపలికి రావచ్చా అని అడగాలి కదండీ," అని వాటికి మర్యాద నేర్పి పంపేవారు.

ఆమదాలవలస స్టేషను రోడ్డులో నాది జిరాక్స్ కొట్టు, పక్కనే ఆయనది కంప్యూటర్ గది. మధ్యలో ప్లైవుడ్ గోడ. ఆ గోడ ఎంత పల్చనిదంటే, పద్నాలుగేళ్ళుగా అటువైపు మాటలు ఇటు వినీ వినీ, చేతులతో నేర్చుకోవలసిన కంప్యూటర్ విద్య నాకు చెవుల్లోంచే వచ్చేసింది. పొద్దున్న ఆయన షట్టర్ ఎత్తాక వినబడే మొదటి మాట, "కూకోవచ్చా?" కొత్తలో, అంత పొద్దున్నే ఎవరొచ్చారా అని తొంగిచూశాను. గదిలో ఆయనా, కుర్చీ తప్ప ఎవరూ లేరు.

"ఎవర్ని బావా అడుగుతన్నావు? కుర్చీ నీదే గదా!"

"నాదే. రాత్రంతా ఒక్కర్తే ఉన్నాది బావా. తెల్లారేసరికి సటుక్కున మీద కూలబడిపోతే ఏటనుకుంటాది?"

కుర్చీ ఏమనుకుంటుందో నాకు తెలియదు. ఆ రోజు నుంచి నేను మాత్రం నా స్టూలు మీద కాస్త నెమ్మదిగా కూర్చోవడం మొదలుపెట్టాను.

ఓసారి ఇద్దరం చీపురుపల్లిలో ఏదో శుభకార్యానికి బస్సెక్కాం. కాలు పెట్టే చోటు లేదు. ఒకే ఒక్క సీటు ఖాళీగా ఉంది, దాని మీద తువ్వాలు. మన వైపు తువ్వాలు వేసిన సీటంటే రిజిస్ట్రీ అయిన స్థలం కింద లెక్క. సూరిగారు బస్సు ఆ చివర నుంచి ఈ చివర దాకా, "ఈ తువ్వాలు ఎవరిదండీ? పక్కకి జరిపి కూకోవచ్చాండీ?" అని అడిగారు. ఎవరూ మాది అనలేదు. చివరికి కండక్టరమ్మ విసుక్కుంది.

"కూకోండి బాబూ! ఆ తువ్వాలాయన రెండు స్టాపుల కిందటే దిగిపోనాడు."

"మరిచిపోయి దిగేరాండీ? మల్లీ ఎక్కుదామని దిగేరాండీ?"

ఆవిడ టిక్కెట్లు చింపడం ఆపి ఆలోచనలో పడింది. సూరిగారు నిలబడ్డారు. అంత పెద్దమనిషి కూర్చోకపోయేసరికి ఆ సీటులో ఏదో ఉందని మిగతా జనం కూడా కూర్చోలేదు. చీపురుపల్లి దాకా పదకొండు మందిమి వేలాడుతూ వెళ్ళాం. తువ్వాలు మాత్రం హాయిగా కిటికీ పక్కన కూర్చుని గాలి పోసుకుంటూ వచ్చింది.

ఆయన పెళ్ళి ముచ్చట వాళ్ళావిడ తవిటమ్మ గారు చెబితేనే వినాలి. "బాజాలు మోగిపోతన్నాయి. అందరూ అక్షింతలు ఎత్తేసినారు. నాను మెడ వంచి కూకున్నాను. ఎంతకీ తాళి పడదు. ఏటా అని కన్నెత్తి సూస్తే, ఈయన పుస్తెలట్టుకుని నా సెవి దగ్గరికొచ్చి, 'కట్టమంటారాండీ?' అంటన్నారు! పంతులు గారు ముహూర్తం దాటిపోతందని కేకలు. మా నాన్న ఏటైనాదని కేకలు. నానే ఇంక, 'కట్టీండి బాబూ, మెడ నొప్పెడతంది' అన్నాను."

ఈ మాట చెప్పి ఆవిడ ఎప్పుడూ మెడలో పుస్తెలు సవరించుకుంటుంది. "మా అక్కసెల్లెళ్ళం ఐదుగురం. అడిగించుకున్నదాన్ని నానొక్కర్తినే," అంటుంది.

ఇంత మొహమాటస్థుడి వృత్తి ఏమిటయ్యా అంటే, తాళాలు పడిపోయిన వెబ్‌సైట్ల తలుపులు తీయడం. వెబ్‌సైటంటే కొట్టు లాంటిదే. ముందు వైపు బల్లా, సరుకూ అందరికీ కనబడతాయి. వెనక యజమాని గది ఒకటి ఉంటుంది. దాన్ని అడ్మిన్ అంటారు. ధరలు మార్చాలన్నా, వచ్చిన ఆర్డర్లు చూడాలన్నా అందులోకి వెళ్ళాలి. ఒక్కోసారి సాక్షాత్తూ యజమానే వెళ్ళినా, "క్షమించండి, ఈ పేజీ చూడడానికి మీకు అనుమతి లేదు" అని మొహం మీదే తలుపేసేస్తుంది. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా ఆ మాట పడ్డవాళ్ళందరూ చివరికి మా ప్లైవుడ్ గోడ దగ్గరికే వస్తారు, ఆ సైటుని నానా తిట్లూ తిట్టుకుంటూ.

"తిట్టకూడదండి," అంటారు సూరిగారు. "అది మిమ్మల్ని అవమానించలేదు. పోల్సుకోలేకపోతన్నాది, అంతే. ఎందుకు పోల్సుకోలేకపోతన్నాదో దాన్నే అడుగుదాం."

ఆ అడగడం చూడవలసిందే. ఒకప్పుడు ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కుర్రాళ్ళకి లోయరూ హయ్యరూ నేర్పేవారు. మిషన్లు మూలపడ్డాక కంప్యూటర్ తనంతట తనే నేర్చుకున్నారు. గురువు లేడు. తప్పు వచ్చినప్పుడల్లా చుట్టం వచ్చినట్టు సంబరపడి, దాన్ని అక్షరం వదలకుండా చదివి, నోటుపుస్తకంలో రాసుకునేవారు. అలా పంతొమ్మిది పుస్తకాలున్నాయి. పెద్ద ఊళ్ళలో పెద్ద చదువులు చదివినవాళ్ళు చేతులెత్తేసిన సైట్లను కూడా ఆయన ఆ పుస్తకాలతో లేపి కూర్చోబెట్టడం నేను చూశాను. తప్పు దొరకగానే తెర వైపు చూసి, ఎన్నాళ్ళకో కనబడ్డ స్నేహితుణ్ణి పలకరించినట్టు, "ఓహో, మీరా!" అంటారు. గోడకి ఇవతల ఆ మాట వినబడిందంటే నేను టీకి చెప్పేస్తాను. పని అయిపోయినట్టే.

అయితే ఆ 'ఓహో' దాకా వెళ్ళేలోపు, పక్కన కూర్చున్నవాడి ప్రాణం పోతుంది. ప్రతి ఫైలుకీ అడుగుతారు. "ఇప్పుడు ఈ ఫైలు తెరుస్తన్నానండి. తెరవచ్చా?" "తెరవండి." "ఇందులో మూడో లైను సూస్తన్నానండి. సూడొచ్చా?" "సూడండి." రైసుమిల్లు ప్రదీప్ అనే ఆయన ముప్ఫై రెండు సార్లు 'తెరవండి' అని, ఆ మాటని తన ఫోనులో రికార్డు చేసి, ఆపకుండా మోగేలా పెట్టి, బల్ల మీద ఉంచి టీకి వెళ్ళిపోయాడు. ఐదు నిమిషాలకి సూరిగారు టీకొట్టు దగ్గర ప్రత్యక్షమయ్యారు.

"ప్రదీప్ గారూ, తమరి ఫోనుని అడిగి తమరి ఫైళ్ళు తెరవొచ్చాండీ?"

ప్రదీప్ టీ గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు.

సూరిగారికి కోపం రావడం నేను చూసింది ఒకే విషయంలో. దాని పేరు ఏడు ఏడు ఏడు. ప్రతి ఫైలుకీ ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు, ఎవరు నడపొచ్చు అని మూడంకెల్లో ఉంటుంది. ఎక్కడైనా 'అనుమతి లేదు' అని రాగానే, తొందరపాటు మనుషులు మూడు ఏడులు కొట్టి పారేస్తారు. అంటే, దారిన పోయే దానయ్యతో సహా అందరికీ అన్ని అధికారాలూ. తలుపు తెరుచుకుంటుంది, నిజమే. ఇంక మూసుకోదు. "అగ్గిపుల్ల అడిగితే ఊరందరికీ కిరసనాయిలు పంచుతారేటండీ?" అని ఆ ఒక్క విషయంలో మాత్రం ఎవరి పర్మిషనూ లేకుండా అరుస్తారు.

ఇదీ మనిషి. ఇంక గోవిందరావు గారి సంగతి చెబుతాను.

కార్తీక మాసం మొదలవడానికి ఇంక ఎనిమిది రోజులు ఉందనగా, ఒక మధ్యాహ్నం పాతపట్నం బస్సు దిగి, ఒక పెద్ద షావుకారు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు దుప్పట్లో ఏదో చుట్టుకుని వచ్చారు. విప్పితే కంప్యూటర్ మానిటర్.

"ఇదెందుకు తెచ్చేరండీ?" అన్నాను.

"మరి ఆ మాట రాసింది దీని మీదే గదా!" అన్నారాయన. "నా కొట్టులోకి నాకే అనుమతి లేదంట! మా తాత నాటి కొట్టు!"

ఆయన పేరు గోవిందరావు. పాతపట్నంలో కంచు, ఇత్తడి సామాన్ల వ్యాపారం. వెబ్‌సైట్ వల్ల పర్లాకిమిడి అవతల నుంచి కూడా కుందులకీ, గంటలకీ ఆర్డర్లు వస్తున్నాయి. ఐదు రోజుల నుంచి బయట కొట్టు తెరిచే ఉంది, ఆర్డర్లు పడుతూనే ఉన్నాయి. లోపలికి వెళ్ళి అవి ఎవరివో, ఏ ఊరివో చూడ్డానికి మాత్రం ఇంట్లో ఎవరికీ అనుమతి లేదు. జనం ఫోన్లు చేసి, 'కార్తీక దీపాలు సంక్రాంతికి ఇస్తారా ఏటి?' అని అడుగుతున్నారట.

"మా రెండోవాడు ప్రమోదు సూస్తాడండి ఇదంతా. విశాఖపట్నంలో మూడు నెలల కోర్సు సదివినాడు. వాడి వల్లా అవలేదు. వాడి స్నేహితుడొకడు, రేపటికి అవకపోతే మొత్తం తుడిసీసి కొత్తది కట్టీమంటన్నాడు. తుడిసీడమే ఖాయం సేసుకున్నాం. దారిలో ఎవరో మీ పేరు సెప్పినారు."

"తుడిసీడానికి ఎవరి పర్మిషన్ తీసుకున్నారండీ?" అన్నారు సూరిగారు.

"నాదే! ఇంకెవరిది?"

సూరిగారు మానిటర్ని కుర్చీలో కూర్చోబెట్టి, ప్రమోద్‌కి ఫోన్ చేసి, అడ్మిన్ గదితో పని లేకుండా పెరటి దారిన సైటు ఫైళ్ళలోకి వెళ్ళే తాళాలు అడిగారు. షావుకారునీ అడిగారు. ఇద్దరూ ఇచ్చారు. నేను నా కొట్టులోకి వచ్చి, ఓటర్ కార్డులేవో కాపీ తీస్తూ చెవి ఇటు పారేశాను. గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. ఐదు నిమిషాలు కాలేదు.

"ఓహో, మీరా!"

నేను టీకి చెప్పడానికి లేచాను. అంతలో ఇంకో మాట వినబడింది, గొంతు తగ్గించి: "అయ్యో, మీరా?"

పద్నాలుగేళ్ళలో ఆ 'అయ్యో' నేను వినలేదు. వెళ్ళి చూస్తే, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"దొరికిందేటి?" అన్నారు గోవిందరావు గారు ఆశగా.

"ఇక్కడ అవదండి. పర్మిషన్ ఒకటి తక్కువున్నాది. రేపు పాతపట్నం వస్తాం. అంతదాకా ఏదీ తుడవకండి." నా వైపు తిరిగి, "బావా, నువ్వూ వస్తావేటి? కొట్టు మూసుకోవచ్చా?" అన్నారు. నా కొట్టు మూయడానికి నన్నే అడిగారు కాబట్టి కాదనలేకపోయాను.

మర్నాడు మానిటర్నీ మోసుకుని పాతపట్నం వెళ్ళాం. ముందు కొట్టు, వెనక ఇల్లు. అంతా శ్రీలమయం. బోర్డు మీద శ్రీ, తూకం కాటా మీద శ్రీ, గోడ గడియారం మీద శ్రీ, ఆఖరికి దుమ్ము దులిపే ఈకల కట్ట పిడి మీద కూడా పసుపుతో శ్రీ. ఆ ఇంట్లో శ్రీ లేకుండా ఏదీ మొదలవదని తెలుస్తూనే ఉంది. ప్రమోద్ ఇరవై మూడేళ్ళ కుర్రవాడు, మంచివాడిలాగే ఉన్నాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి.

సూరిగారు మొదలుపెట్టారు. గడప దాటొచ్చా? చెప్పులు ఇక్కడ విడవచ్చా? ఈ బిందె పక్కకి జరపొచ్చా? కుర్చీలో కూకోవచ్చా? నాలుగో దానికి షావుకారు ఓపిక అయిపోయింది.

"సూరిగారూ, అన్నిటికీ ఒకేసారి ఇచ్చేస్తన్నాను పర్మిషను! కూకోండి, లెగండి, దగ్గండి, తుమ్మండి!"

"అలగ ఒకేసారి అన్నీ ఇవ్వకూడదండి. అది ఏడు ఏడు ఏడు."

ఆయనకి అర్థం కాక కొడుకు వైపు చూశారు. కొడుకు తల దించుకున్నాడు. వాడు అదీ కొట్టి చూశాడన్నమాట.

సూరిగారు తెర ముందు కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఇంక ఒకటో నంబరు వారి పర్మిషన్ కావాలండి," అన్నారు.

"నాదే గదా. ఇచ్చీసాను."

"తమరు రెండండి."

గోవిందరావు గారి మీసం అదిరింది. "నా కొట్టుకి నాను రెండా! ఒకటి ఎవరు? ప్రమోదా?"

"ఆయన మూడు."

"మరి నాలుగెవరు?"

"కుమార్ అని రాసుందండి."

"ఎవడాడు?"

"నా క్రికెట్ ఫ్రెండు నాన్నా," అన్నాడు ప్రమోద్ గొణుగుతూ. "తుడిసీమన్నది ఆడే."

"ఒకటో నంబరు," అని సూరిగారు తెర మీద వేలు పెట్టకుండా, దూరం నుంచే చూపించి చదివారు, "సుహాసిని. ఈ సైటు పుట్టిన రోజు రాసిన మొదటి పేరు ఇదేనండి. రెండొందల పన్నెండు వస్తువులున్నాయి ఇందులో. ప్రతిదాని కిందా, ఎక్కించినవారు ఒకటో నంబరు అనే ఉన్నాది."

వంటింటి గుమ్మం దగ్గర గిన్నెల చప్పుడు ఆగింది.

"అదా!" అన్నారు షావుకారు తేలిగ్గా. "మా పెద్దకోడలు. పెద్దోడు సరుకు కోసం ఊళ్ళు తిరుగుతుంటాడు. ఆ అమ్మాయి ఊసుపోక ఫొటోలూ గట్రా తీసి మొదలెట్టింది. ఇప్పుడు ప్రమోదు సూస్తన్నాడు గదా. ఆ పిల్లనెందుకులెండి, మీరు కానిచ్చీండి."

"తప్పండి. ఆవిడ రెండేళ్ళు సేసిన పనిని తుడిసీడానికైనా, బతికించడానికైనా ఆవిడే సెప్పాలి. నాకు అలవాటైపోనాది, అడక్కుండా సెయ్యి కదలదు."

షావుకారు నా వైపు చూసి, వేలితో తన కణత దగ్గర చిన్న సున్నా చుట్టారు. నేను అవునన్నట్టు తలూపాను. ఏం చేయను?

"అయితే అడగండి మరి, బేగి!"

"నాను బయటివాణ్ణండి. ఇంటి కోడల్ని నాను పిలవకూడదు. తమరే అడగాలి."

ఫోను మోగింది. ఎవరో టెక్కలి నుంచి, దీపాలు ఏమయ్యాయని. గోవిందరావు గారు ఫోను పెట్టేసి, ఈ పిచ్చివాడితో నాకేం పని అనుకుంటూనే లేచి, వంటింటి గుమ్మం దాకా వెళ్ళారు. నలభై ఏళ్ళ వ్యాపారంలో ఆ గుమ్మం దగ్గర నిలబడి, అన్నం అయిందా అని తప్ప ఆయన ఏదీ అడిగి ఉండరు. రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా సుహాసినీ. ఆ సైటు తెరవాలంట. నువ్వు సెప్తే గాని తెరవడంట. తెరవమంటావా?"

సుహాసిని చీర చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. చీపురుపల్లి ఆడపడుచట, మాటలో ఆ నింపాదితనం ఉంది.

"వద్దు మావయ్యా," అంది.

సూరిగారు వెంటనే లేచి నిలబడ్డారు. "వద్దన్నారండి. మేం ఎల్లొస్తాం."

"ఆగండి ఆగండి!" అన్నారు షావుకారు. "ఏటమ్మా, వద్దంటావేటి? దీపాల వాళ్ళు మీద పడతన్నారు!"

"ఎవరు ఏటి మార్చారో తెలీకుండా తెరవమని ఎలా చెప్తాను మావయ్యా? తెరిచినా మళ్ళీ పడిపోతాది. ముందు నన్ను చూడనియ్యండి."

సూరిగారు పక్కకి తప్పుకుని కుర్చీ చూపించారు. ఆమె మావగారి వైపు చూసింది. ఆయన ఎదుట కుర్చీలో కూర్చోవడం ఆ ఇంట్లో ఉన్నట్టు లేదు. గోవిందరావు గారు ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, "కూకోమ్మా," అన్నారు. ఆమె కూర్చుంది.

ఆ తరువాత సూరిగారు నోరు మెదిపితే ఒట్టు. ఆమె ఒక్కో పేజీ తీసి, పెదవులు కదుపుతూ చదివింది. "చివరిగా ఏం చేసావు ప్రమోద్?"

ప్రమోద్ తండ్రి వైపు చూశాడు. తండ్రి దగ్గారు. చివరికి ప్రమోదే చెప్పాడు. "నాన్నగారికి సైటు లోపల ఎలాగుంటాదో చూపించాను వదినా. అక్కడ సమాచారం దాచే పెట్టెలన్నిటి పేర్ల ముందూ ఏవో రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి కదా. నాన్నగారు, 'ఇదేటిరా, శ్రీ లేకుండా మొదలెట్టినారు! అందుకే బేరాలు సాగట్లేదు' అన్నారు. మంచిరోజు చూసి, ఆ అక్షరాలు తీసేసి అన్నిటికీ ముందు శ్రీ పెట్టాను. కొబ్బరికాయ కూడా కొట్టాం."

"దేనికి కొట్టారు?" అన్నాను ఉండబట్టలేక.

"ఈ మానిటర్‌కే అండి."

సుహాసినికి నవ్వొచ్చినా ఆపుకుంది. తెర మీద ఒక చోట ఆగింది. "మావయ్యా, సమాచారమంతా ఈ పెట్టెల్లో ఉంటాది. పెట్టెల మీద ఇంటిపేరు మారింది. బాగుంది. కానీ, ఎవరికి ఏ అధికారం ఉందో రాసిన చీటీలు పెట్టెల లోపలున్నాయి. వాటి మీద పాత ఇంటిపేరే ఉండిపోయింది. మీరు తలుపు కొడితే అది 'శ్రీ' అని వెతుకుతాది. మీ చీటీ దొరకదు. చీటీ లేనివాళ్ళకి అనుమతి లేదంటాది." సూరిగారి వైపు తిరిగింది. "అంతేనాండీ? ఇవి మార్చితే చాలునా?"

"తొమ్మిది సోట్లమ్మా," అన్నారు సూరిగారు. గొంతులో టైపు మాస్టారు పలికారు. "లెక్కపెట్టుకుని మార్సండి."

"మార్చొచ్చా?" అంది ఆమె. సూరిగారు ఉలిక్కిపడ్డారు. ఆయన్ని ఎవరైనా పర్మిషన్ అడగడం అదే మొదటిసారి అనుకుంటాను. గట్టిగా తలూపారు.

ఆమె తొమ్మిదీ మార్చింది. షావుకారు పేరుతో తలుపు కొట్టింది. తెరుచుకుంది! అరవై ఒక్క ఆర్డర్లు, ఊళ్ళ పేర్లతో సహా, గుమ్మం బయట నిలబడ్డ జనంలా బిలబిలమంటూ వచ్చేశాయి. "పర్లాకిమిడి! బరంపురం! ఓలమ్మ, రాజాం నుంచి పదహారు కుందులు!" అని గోవిందరావు గారు చిన్నపిల్లాడిలా ఊళ్ళన్నీ చదివేస్తున్నారు.

ఆ సందట్లో సుహాసిని తన పేరుతో కూడా ఒకసారి తలుపు కొట్టింది. తెరుచుకుంది గాని లోపల ఆర్డర్లూ లేవు, వస్తువులూ లేవు. ఆమె పేరూ, పక్కన 'చదువరి' అన్న మాటా మాత్రమే ఉన్నాయి. దారిన పోతూ పేపరు తిరగేసే మనిషికి ఇచ్చే హోదా అది. తెర మూసి లేవబోయింది.

"ఒకటో నంబరు వారికి ఇలగ ఎవరు రాసేరండీ?" అన్నారు సూరిగారు, అమాయకంగా.

ప్రమోద్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనే. పేర్లు ఎక్కువుంటే సైటు నిదానమైపోతాదని…"

"నిదానమైపోతాదని వదిన్ని తీసి, బంతాట వాణ్ణి పెట్టినావా!" అన్నారు తండ్రి. ఆ కేకకి గంటలు కూడా మోగాయి. "ముందు ఆణ్ణి తియ్యి! అమ్మాయికి ఏటి రాస్తే లోపలికి రానిస్తాదో అది రాయి! కాదు, నువ్వాగు. అమ్మా, నువ్వే రాసుకో. నీ కొట్టే ఇది. ఏటి రాసుకుంటావో నీ ఇష్టం."

ఆమె రాసుకుంది. క్రికెట్ కుమార్‌ని చదువరిని చేసింది. ప్రమోద్‌ని మాత్రం తీయలేదు. "వీడు పార్శిళ్ళు బాగా కడతాడు మావయ్యా," అంది. ప్రమోద్ దీపాలు సర్దడానికి పరుగెత్తాడు.

సూరిగారు చేతులు జోడించారు. "షావుకారు గారూ, ఇంక మాకు సెలవు ఇప్పిస్తారా?"

"మంచిదండి, ఎల్లి రండి," అన్నారాయన.

"ఒకటో నంబరు వారు కూడా సెప్పాలి."

"చెప్పను," అంది సుహాసిని. "భోజనం చేసి వెళ్ళండి."

అడగకుండా అడుగు వేయని మనిషి అడిగి మరీ ఇరుక్కుపోయారు. విస్తళ్ళు పడ్డాయి. ఆవపెట్టిన అరటికాయ కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం. సుహాసిని నెయ్యి తేవడానికి లోపలికి వెళ్ళిన సందు చూసి, నేను వంగి గొణిగాను.

"బావా, నిన్న సాయంత్రమే నీకు దొరికిపోయింది కదా. ఆ తొమ్మిదీ అక్కడే కూకుని మార్చేయొచ్చు కదా?"

"మార్చీవచ్చు."

"మరి?"

"ఆవిడ పేరు పక్కన ఆ మాట సూసినాను," అన్నారు, అన్నంలో గుంట చేస్తూ. "నానే మార్చీసి 'అడ్మిన్' అని రాసీవచ్చు. కానీ అది నాను రాసింది అయిపోతాది. వాళ్ళ ఇంట్లో వాళ్ళు అడిగి రాసింది అవదు. గట్టిగా అనకు, నెయ్యొస్తంది."

నేను ముద్ద చేతిలో పట్టుకుని ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. పద్నాలుగేళ్ళుగా జబ్బు అనుకుంటున్నాను. షావుకారు వేలితో సున్నా చుట్టినప్పుడు నేనూ తలూపాను.

సుహాసిని నెయ్యి వడ్డిస్తూ, ఎవరివైపూ చూడకుండా అంది. "మాస్టారూ, లోపలికి ఎవరెప్పుడు వచ్చారో ఆ సైటులో ఓ మూల రాసుంటాది, మీకు తెలుసు కదా. నిన్న సాయంత్రం నాలుగూ నలభైకి ఎవరో వచ్చి, ఐదు నిమిషాలు ఉండి, ఏదీ ముట్టుకోకుండా వెళ్ళిపోయారు. ప్రమోద్ అప్పటికే ఫోను పెట్టేసి, తలుపేసుకుని పడుకున్నాడు."

సూరిగారి చెయ్యి విస్తరి మీద ఆగిపోయింది. దొరికిపోయిన దొంగలా మొహం పెట్టారు. "తప్పయిపోనాదమ్మా. వాళ్ళిద్దర్నీ అడిగేను. మిమ్మల్ని అడక్కుండా వచ్చీసాను."

"వచ్చేశారు కదా. ఇప్పుడు నేనూ అడగను," అని ఆమె దప్పళం గరిటె నిండా తీసి ఆయన విస్తట్లో వంచేసింది. ఆయన వద్దనడానికి నోరు తెరిచేలోపు ఇంకో గరిటె పడింది, దాని మీద ఇంకోటి.

సూరిగారు ఆమె వైపు చూసి, విస్తరి వైపు చూసి, ఎవరినీ ఏమీ అడగకుండా కలుపుకుని తినడం మొదలుపెట్టారు.